కీచుమంటే... కీడెంచాలి!

పెళ్లికని ఇంటిల్లిపాదీ తెల్లవారుజామునే కారెక్కారనుకోండి. హైదరాబాద్ నుంచి విజయవాడకు ప్రయాణం. సూర్యాపేట దాటాక డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది. 'బ్యాటరీయేగా, ఊరెళ్లాక చూపిద్దాంలే' అనుకున్నారు. కాసేపటికే ఏసీలోంచి వేడిగాలి, బానెట్ సందుల్లోంచి ఆవిరి! ముహూర్తం వేళకు మండపంలో ఉండాల్సినవాళ్లు రోడ్డు పక్కన చెట్టుకింద. ఇంతా చేసి తెగింది... ఓ రబ్బరు బెల్టు!

పేరు ఒకటి... పనులు ఎన్నో

మెకానిక్ షెడ్డులో దాన్ని ఇప్పటికీ ఫ్యాన్‌బెల్టనే అంటారు. అంబాసిడర్‌లో రేడియేటర్ వెనకుండే ఫ్యానును అదే తిప్పేది మరి. మారుతీ 800కి వచ్చేసరికి ఫ్యానుకు కరెంటు మోటారు పెట్టారు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ తిరిగేది ఆ బెల్టుతోనే. చాలా కార్లలో ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ల పంపు, ఏసీ కంప్రెసర్ కూడా దానిమీదే ఆధారపడతాయి. అందుకే అది తెగితే ముందు బ్యాటరీ లైటు వెలుగుతుంది. ఆ వెంటే ఉష్ణోగ్రత ముల్లు పైకెక్కుతుంది. అప్పుడు చేయాల్సింది ఒక్కటే... పక్కకు తీసి ఇంజిన్ ఆపేయడం. 'ఇంకో పది కిలోమీటర్లేగా' అని లాగిస్తే హెడ్ గ్యాస్కెట్ కాలిపోవచ్చు. వందల్లో పోయేది వేలల్లోకి వెళ్తుంది!

వేలితో పరీక్ష

బెల్టు తరచూ ముందే హెచ్చరిస్తుంది. పొద్దున స్టార్ట్ చేయగానే 'కీచ్‌'మందంటే అది జారుతోందనే అర్థం. స్ప్రే కొడితే మోత ఆగుతుందేమోగానీ జబ్బు పోదు.

ఇంజిన్ చల్లారాక, తాళం తీసి జేబులో వేసుకున్నాకే బానెట్ ఎత్తాలి. పాత తరహా బెల్టయితే రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కి చూడండి. సుమారు అర అంగుళం దిగితే సరి. అంతకన్నా వదులైతే జారుతుంది. మరీ బిగువైతే ఆల్టర్నేటర్, పంపు బేరింగులు అరుగుతాయి. బోల్టులు వదులు చేసి, ఆల్టర్నేటర్‌ను కాస్త వెనక్కి లాగి బిగిస్తే పని అయిపోతుంది. చాలా కొత్త కార్లలో ఆ బాధ్యత టెన్షనర్‌దే. వాటి బెల్టుల మీద పగుళ్లు అంత తొందరగా కనిపించవు. టైరులా గాడులు లోలోపలే అరుగుతాయి. కాబట్టి సర్వీసింగ్‌లో గేజి పెట్టి చూడమనాలి.

చెప్పకుండా తెగేది

ఇంజిన్ కవరు లోపల పళ్లున్న టైమింగ్ బెల్టు మరొకటి. కొన్ని కార్లలో దాని బదులు గొలుసు ఉంటుంది. వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి తగలకుండా లయ తప్పకుండా నడిపేది ఇదే. చాలాసార్లు హెచ్చరికే లేకుండా తెగుతుంది. తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులను గుద్దేస్తాయి. ఆపై ఇంజిన్ విప్పాల్సిందే! అందుకే కారుతో వచ్చిన పుస్తకంలో రాసిన కిలోమీటర్లు లేదా ఏళ్లు... ఏది ముందొస్తే అప్పుడు మార్చేయాలి. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాళ్ల దగ్గర పాత బిల్లు లేకపోతే? మార్చలేదనే అనుకోవాలి.

కీడెంచి మేలెంచమని పెద్దలు ఊరికే అనలేదు. దూరప్రయాణానికి టైర్లలో గాలి చూసుకునేటప్పుడు, ఓసారి బానెట్ కూడా ఎత్తితే సరి!