ఫోటోషాప్ పుట్టుపూర్వోత్తరాలు

డిజిటల్ ఫోటో అంటే సంఖ్యల పట్టిక. చిత్రాన్ని అడ్డంగా, నిలువుగా చిన్న చిన్న గళ్లుగా విభజిస్తే ఒక్కో గడి ఒక పిక్సెల్. నలుపు తెలుపు ఫోటోలో సాధారణంగా ప్రతి పిక్సెల్‌కూ 0 నుంచి 255 దాకా ఒక సంఖ్య ఉంటుంది. 0 అంటే కటిక నలుపు, 255 అంటే తెల్లని తెలుపు. రంగుల ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు విడివిడిగా మూడు సంఖ్యలు. ఫోటోను దిద్దడమంటే ఈ సంఖ్యలను మార్చడమే. ఈ సంగతి ఒకసారి బోధపడితే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని పనిముట్లు బెదిరించవు.

ఫోటోను కంప్యూటర్‌లోకి సంఖ్యలుగా దింపిన తొలి స్కానర్‌ను తయారుచేసింది అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రసెల్ కిర్ష్ బృందం. 1957లో కిర్ష్ తన మూడు నెలల కొడుకు వాల్డెన్ ఫోటోను తిరిగే డ్రమ్ముకు చుట్టి స్కాన్ చేశారు. 176 వరసలు, వరసకు 176 పిక్సెళ్లు, మొత్తం 30,976. ఆ స్కానర్ ఒక చోటు నల్లగా ఉందా, తెల్లగా ఉందా అన్నంతవరకే చెప్పగలిగేది. అందుకే వేర్వేరు స్థాయుల్లో పలుమార్లు స్కాన్ చేసి, వాటిని కలిపి మధ్య ఛాయలు రాబట్టారు. 1964లో రేంజర్ 7 వ్యోమనౌక పంపిన చంద్రుడి చిత్రాల్లోని లోపాలను జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ కంప్యూటర్‌తో సరిదిద్దింది. 1982 ఫిబ్రవరి నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం కోసం గిజా పిరమిడ్లను కంప్యూటర్‌తోనే దగ్గరికి జరిపారు. దానిపై పెద్ద వివాదమే రేగింది. అయితే అలాంటి యంత్రాలు పెద్ద సంస్థలకే అందుబాటులో ఉండేవి.

మామూలు బల్లమీది కంప్యూటర్‌కు ఆ శక్తిని తెచ్చినవాళ్లు ఇద్దరు అన్నదమ్ములు. థామస్ నోల్ 1987లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ విద్యార్థి. ఆయన దగ్గరున్న మాకింటోష్ ప్లస్ తెర మీద ప్రతి చుక్కా నలుపో తెలుపో కావాల్సిందే, బూడిదరంగు లేదు. నల్లచుక్కలను ఒక చోట ఒత్తుగా, మరో చోట పలచగా పేర్చి ఛాయలున్నట్టు చూపించే ప్రోగ్రామ్ ఆయన రాసుకున్నారు. పత్రికల్లో ఫోటోలు అచ్చయ్యేదీ ఈ సూత్రం మీదే. తమ్ముడు జాన్ నోల్ అప్పటికి సినిమా ఎఫెక్ట్స్ సంస్థ ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో ఉద్యోగి. లక్ష డాలర్లకు పైబడిన పిక్సర్ ఇమేజ్ కంప్యూటర్ చేసే పనులకూ అన్న ప్రోగ్రామ్‌కూ ఉన్న పోలికను ఆయన పసిగట్టారు. దాన్ని పెంచుదామని పట్టుబట్టారు. మొదట ఒక స్కానర్ కంపెనీ తన యంత్రాలతో పాటు కొద్ది ప్రతులు పంచింది. తర్వాత అడోబీ ఒప్పందం కుదుర్చుకుంది. 1990 ఫిబ్రవరి 19న మాకింటోష్ కోసం ఫోటోషాప్ 1.0 వెలువడింది.

ఈ అన్నదమ్ముల తండ్రి గ్లెన్ నోల్ ప్రొఫెసర్, ఫోటోగ్రఫీ అంటే మక్కువ ఉన్నవారు. ఇంటి నేలమాళిగలో ఆయనకు డార్క్‌రూమ్ ఉండేది. ఫోటోషాప్‌కు ఆ గది వాసన గట్టిగానే అంటింది. ప్రింట్ వేసేటప్పుడు ఒక చోట వెలుతురు తగ్గించడానికి చేయి అడ్డుపెడతారు. అక్కడ ప్రింట్ తేలికపడుతుంది. అది డాడ్జ్. ఒక చోటికి అదనంగా వెలుతురు పోస్తే నలుపెక్కుతుంది. అది బర్న్. ఆ పేర్లే ఇప్పటికీ పనిముట్లకు ఉన్నాయి. అన్‌షార్ప్ మాస్క్ కూడా అక్కడిదే. మసకగా తీసిన పాజిటివ్‌ను నెగటివ్‌కు జతచేసి ప్రింట్ వేస్తే అంచులు స్ఫుటంగా వచ్చేవి. కంప్యూటర్ అదే పనిని లెక్కగా చేస్తుంది. అసలు చిత్రంలోంచి మసక ప్రతిని తీసివేస్తే అంచుల దగ్గరి తేడాలు మిగులుతాయి, వాటిని మళ్లీ అసలుకు కలుపుతుంది. మోతాదు మించితే అంచుల చుట్టూ తెల్లని గీతలు తేలతాయి.

కొత్తవాళ్లు ముందుగా పట్టు సాధించాల్సింది లెవెల్స్ మీద. హిస్టోగ్రామ్ అనే పటం ఏ వెలుతురు స్థాయిలో ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపిస్తుంది. మంచులో తీసిన ఫోటోలో సంఖ్యలన్నీ 60కీ 190కీ మధ్య ఇరుక్కున్నాయనుకుంటే, అందులో అసలైన నలుపూ లేదు, తెలుపూ లేదు. 60ని 0కి, 190ని 255కి లాగితే మధ్యలోని 125 దాదాపు 128 అవుతుంది, తక్కినవీ అదే నిష్పత్తిలో విస్తరిస్తాయి. ఫోటోకు ప్రాణం వస్తుంది. ముందు క్రాప్, తర్వాత లెవెల్స్, ఆపై రంగుల సవరణ, మచ్చలు తీయడం, చివరికి సైజు తగ్గించి పదును పెట్టడం మంచి వరస. అసలు ఫైలును మాత్రం ముట్టుకోకూడదు. జేపెగ్ ఫైలును మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది.

ఫోటోషాప్ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప మలుపు 1994లో 3.0తో వచ్చిన లేయర్లు. అంతకుముందు ఒక బొమ్మను తెచ్చి అతికిస్తే కింది పిక్సెళ్లు చెరిగిపోయేవి. లేయర్లు పారదర్శకమైన కాగితాల్లా ఒకదానిమీద ఒకటి ఉంటాయి, దేన్నయినా తర్వాత జరపవచ్చు, తీసేయవచ్చు. తెలుగునాట పెళ్లి ఆల్బమ్‌లో వధూవరులు ఒక లేయర్‌లో, వెనక పూలతోరణం మరోదాంట్లో, పేర్లు ఇంకోదాంట్లో అమరేది ఇలాగే. 1996లో 4.0 వెలుతురు సవరణనే విడి లేయర్‌గా ఉంచే వీలిచ్చింది. 1998 దాకా వెనక్కి తీసుకోగలిగింది చివరి ఒక్క అడుగే. 5.0లోని హిస్టరీ ఆ బాధ తీర్చింది. 2002లో 7.0 తెచ్చిన హీలింగ్ బ్రష్ పక్క చర్మపు నేతను తీసుకుని, మచ్చ ఉన్న చోటి వెలుతురుకు సరిపోల్చి అతుకుతుంది.

డబ్బు పెట్టలేనివారికి బర్క్‌లీ విద్యార్థులు స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ మొదలుపెట్టిన గింప్ 1996 నుంచి ఉచితంగా దొరుకుతోంది. లెవెల్స్, లేయర్లు నేర్చుకోవడానికి అది చాలు.

పాత పనిముట్లు చాలావరకు ఫోటోలో ఉన్న సంఖ్యలనే సాగదీసేవి, నకలు తీసేవి. 2023లో ఫోటోషాప్‌లో చేరిన జెనరేటివ్ ఫిల్ అలా కాదు. మాటల్లో అడిగితే ఫోటోలో ఎన్నడూ లేని వస్తువును పుట్టిస్తుంది. అందుకే చిత్రాన్ని ఏ పనిముట్టుతో ఎలా మార్చారో ఫైలులోనే నమోదు చేసే కంటెంట్ క్రెడెన్షియల్స్ పద్ధతిని అడోబీతో పాటు కొన్ని కెమెరా కంపెనీలు, వార్తాసంస్థలు అమల్లోకి తెస్తున్నాయి.