దక్షిణాఫ్రికాకు చెల్లదు

తాతగారి కాలం నాటి పాస్‌పోర్టు ఏ ట్రంకుపెట్టె అడుగునో దొరికితే ఓసారి తిరగేయండి. ఏయే దేశాలకు చెల్లుతుందో రాసే చోట దక్షిణాఫ్రికాను మినహాయించి ఉంటుంది. అక్కడికి పోదామనుకునే వాళ్లు మనలో ఎందరుంటారు? అయినా సరే, రంగును బట్టి మనుషులను వేరుచేసే దొరతనంతో మాకు పొత్తు లేదని పౌరుడి చేతి పుస్తకంలోనే రాసి ఇచ్చింది మన సర్కారు.

ఈ తగువు మనకు స్వాతంత్ర్యం రాకముందే మొదలైంది. 1860లో మద్రాసులో ట్రూరో ఓడ ఎక్కి నేటాల్ చెరుకుతోటలకు పోయిన కూలీల్లో తెలుగువాళ్లున్నారు. ఆ కూలీల మనవలు, మునిమనవలు ఎక్కడ నేల కొనాలో, ఎక్కడ కాపురముండాలో శాసించే చట్టం 1946లో వచ్చింది. ఆ జూన్‌లోనే ఢిల్లీ ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు పంపింది. హైకమిషనర్‌ను వెనక్కి పిలిపించింది. జులైలో వ్యాపారం బంద్. అప్పటికి మన ఎగుమతుల్లో దాదాపు 5 శాతం ఆ దేశానికే పోయేవి. నాకు అన్నిటికన్నా ఈ లెక్కే పెద్దదనిపిస్తుంది. పక్కవాడికి నీతులు చెప్పడానికి పైసా ఖర్చుండదు. గోనెసంచుల బేరం వదులుకోవాలంటే గుండె కావాలి.

సమితిలో దక్షిణాఫ్రికా ప్రధాని స్మట్స్ వాదన ఒక్కటే: ఇది మా ఇంటి వ్యవహారం, మీకెందుకు? సమితి చార్టర్ పీఠికకు తొలి చిత్తుప్రతి రాసి, అందులో మానవ హక్కుల మాట చేర్చింది కూడా ఈయనే! మరి మీ దేశంలో అంటరానితనం మాటేమిటని దక్షిణాఫ్రికా వైపు నుంచి ఎదురుప్రశ్న వచ్చింది. ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది, కాదనలేం. అయినా మన ప్రతినిధి విజయలక్ష్మీ పండిట్ వెనక్కి తగ్గలేదు. డిసెంబర్ 8న 32 ఓట్లతో తీర్మానం నెగ్గింది. వ్యతిరేకించిన 15 దేశాల్లో అమెరికా, బ్రిటన్ ఉన్నాయి.

అదే ఏడాది న్యూయార్క్‌లో దక్షిణాఫ్రికా కాన్సులేట్ ముందు నిరసనకు దిగినవాళ్లలో 22 ఏళ్ల నెల్లూరు కుర్రాడు ఒకడున్నాడు. ఏనుగ శ్రీనివాసులు రెడ్డి. చదువుకోవడానికి వెళ్లి, 1949లో సమితి ఉద్యోగంలో చేరాడు. 1963లో వర్ణవివక్ష వ్యతిరేక ప్రత్యేక సంఘానికి కార్యదర్శి అయ్యాడు. పాశ్చాత్య దేశాలు ఆ సంఘంలో చేరనే లేదు. వాళ్లు రాకపోవడమే మేలైంది, అడ్డుపడేవాడు లేడు! జైళ్లలో మగ్గుతున్నవాళ్లకు వకీళ్ల ఫీజులు, ఇంటి దగ్గర వాళ్ల భార్యాబిడ్డలకు నాలుగు మెతుకులు అందేలా ఒక నిధి పుట్టడంలో ఆయనదే ముఖ్యపాత్ర. ఏ ఆటగాడు, ఏ గాయకుడు డబ్బుకోసం దక్షిణాఫ్రికా వెళ్లొచ్చాడో పేర్లతో సహా జాబితాలు అచ్చేయించారు. సిగ్గు కూడా ఒక ఆయుధమేనని గుమాస్తా బల్ల దగ్గర కూర్చుని కనిపెట్టిన మనిషి ఆయన.

ఆట అంటే గుర్తొచ్చింది, 1974 డేవిస్ కప్ ఫైనల్. అమృతరాజ్ సోదరులు మంచి ఊపులో ఉన్నారు. ఎదుట దక్షిణాఫ్రికా. ఆడొద్దంది ఢిల్లీ. కప్పు వాకోవర్‌తో వాళ్లకే పోయింది. ఆ టైటిల్ మనకు ఇవాళ్టికీ రాలేదు.

ఢిల్లీ తీర్మానాలతోనే వర్ణవివక్ష కూలిందంటే అతిశయోక్తి. దాన్ని కూల్చింది అక్కడి జనం. ఆ సంగతి ఢిల్లీకీ తెలుసు కాబట్టే 1967లో వాళ్ల పోరాట సంస్థ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు ఇక్కడ కార్యాలయం తెరవనిచ్చింది. తెగిన దౌత్యబంధం 1993లో గానీ అతకలేదు.

రెడ్డిగారు 2020 నవంబర్ 1న, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం గద్దెనెక్కింది. ఆ దేశానికి ఆయుధాలు చేరకుండా చూడాలంటూ జూన్‌లో సర్వసభ్యసభ ముందుకు తీర్మానం వచ్చింది. 119 దేశాలు సరేనన్నాయి. 36 తటస్థంగా ఉండిపోయాయి. ఆ 36లో మనమూ ఉన్నాం.