ఒక్క పేజీకి 19.75 లక్షల చుక్కలు: నాచారం నుంచి ఫ్యాక్స్ పోతుందా?

ఇంట్లో పాతకాలపు ఫోను తీగ లేదు, ఫైబర్ ఉంది. ఫ్యాక్స్ ఉన్న ప్రింటరూ ఉంది. నాచారం హెచ్‌ఎంటీ నగర్‌లోనో ఉప్పల్‌లోనో కూర్చుని అమెరికాలో చిన్న కంపెనీ పెట్టుకున్నవాళ్లకు ఈ రెండిటినీ కలిపే అవసరం ఇంకా తీరలేదు. ఈఐఎన్ అనే పన్ను నంబరుకు ఎస్ఎస్-4 ఫారం పంపాలి. ప్రధాన కార్యాలయం అమెరికా బయట ఉంటే అక్కడి పన్ను శాఖ ఐఆర్‌ఎస్ ఆన్‌లైన్ దరఖాస్తు కుదరదు. తపాలాలో అయితే సుమారు 4 వారాలు, ఫ్యాక్స్‌లో అయితే సుమారు 4 పనిదినాలు.

1980లో ఖరారైన గ్రూప్-3 ప్రమాణమే నేటికీ నడుస్తోంది. దాని ప్రకారం ఏ4 కాగితం మీద అడ్డంగా ఒక్కో వరుసకు 1,728 చుక్కలు, నిలువునా మిల్లీమీటరుకు 3.85 వరుసలు. 297 మిల్లీమీటర్లకు 1,143 వరుసలు. గుణిస్తే 19.75 లక్షల చుక్కలు. సెకనుకు 14,400 బిట్ల వేగంతో ఉన్నదున్నట్టు పంపితే 137 సెకన్లు పడుతుంది. అయితే ఫారంలో తెలుపే ఎక్కువ కాబట్టి పదో వంతుకు కుదిస్తే 14 సెకన్లలో తేలిపోతుంది.

చిక్కంతా దారిలో ఉంది. ఫ్యాక్స్ ఈ బిట్లను కూతలుగా మార్చి పంపుతుంది. బీఎస్‌ఎన్‌ఎల్, జియో వంటి ఫైబర్ పెట్టెల్లో చాలావాటికి వెనక ఫోను గుచ్చే సాకెట్ ఉంటుంది. ప్రింటర్‌లో ‘లైన్’ అని రాసి ఉన్న చోటి నుంచి దానికి తీగ కలిపితే డయల్ టోన్ వచ్చేస్తుంది. అక్కడే మోసపోతాం. ఆ పెట్టె శబ్దాన్ని సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి ఇంటర్నెట్ పద్ధతిలో పంపుతుంది. మాటల్లో ఒక ముక్క పోయినా చెవి సర్దుకుంటుంది. ఫ్యాక్స్‌కు మాత్రం 288 బిట్లు పోయినట్టే. కుదించిన పేజీలో అవి 2,880 చుక్కలు, అంటే ఒకటిన్నర వరుసకు పైనే. చెడిన వరుస కన్నా పెద్ద నష్టం, రెండు యంత్రాల మధ్య లయ తప్పి కాల్ తెగిపోవడం.

1998లో వచ్చిన టీ.38 ప్రమాణం దీనికి మందు: కూతలను మళ్లీ బిట్లుగా విప్పి, ఒకే ముక్కను మళ్లీ మళ్లీ పంపగలదు. మీ ఫైబర్ కంపెనీ దీన్ని ఇస్తోందో లేదో అడిగి తెలుసుకోండి. లేదంటే ప్రింటర్ సెట్టింగ్స్‌లో వేగాన్ని 9,600కు దించండి. అప్పుడు ఒక ముక్క పోతే పోయేది 192 బిట్లే. తప్పులు దిద్దే ఈసీఎం ఆపేస్తే కాల్ నిలబడుతుందని కొందరు చెబుతారు. పన్ను ఫారంలో అంకె చెదిరేకన్నా కాల్ తెగడమే మేలు, ఆపొద్దు. ఇక అమెరికా నంబరుకు డయల్ చేయాలంటే ఐఎస్‌డీ తెరిపించుకుని 00-1తో మొదలుపెట్టాలి.

ఫ్యాక్స్ కోసమే కొత్త ప్రింటర్ కొనేవాళ్లను మాత్రం ఆపుతాను. స్కాన్ చేసి ఆన్‌లైన్ ఫ్యాక్స్ సేవకు అప్పగిస్తే కూతల పని వాళ్ల సర్వర్లు చూసుకుంటాయి. పైగా ఫారంలో ఫ్యాక్స్ నంబరు రాస్తేనే ఈఐఎన్ ఫ్యాక్స్‌లో తిరిగి వస్తుంది. ఆ జవాబు అమెరికా పనివేళల్లో, మనకు అర్ధరాత్రి రావచ్చు. అందుకోవడానికి ఇంట్లో ప్రింటర్, ఫైబర్ పెట్టె రెండూ వెలుగుతూ ఉండాలి. కరెంటు పోయినా ఆ సేవ ఇచ్చిన నంబరు జవాబు పుచ్చుకుని మెయిల్‌లో పడేస్తుంది.