రెండు సోదరభాషలలో కర్మ

ఫిన్లాండు సింధుశాఖకు ఉత్తరమున ఫిన్నిష్, దక్షిణమున ఎస్టోనియన్ భాషలు కలవు. ఇవి సోదరభాషలు. తెలుగున ‘చదివితిని’, ‘చదువుచుంటిని’ అని క్రియ చూపు భేదమును ఇవి కర్మపదముననే చూపును. ఫిన్నిష్‌లో ‘లుయిన్ కిర్యన్’ అనిన పుస్తకమును పూర్తిగా చదివితినని యర్థము. ‘లుయిన్ కిర్యా’ అనిన చదువుచుంటిననియో, కొంతమట్టుకే చదివితిననియో భావము; ఇందలిది పాక్షిక విభక్తి.

ఎస్టోనియన్‌లో పదాంత నకారము పూర్వమే లోపించినది. అందుచే పూర్ణకర్మ ‘రామతు’ అని అచ్చుతోనే ముగియును, పాక్షికరూపము ‘రామతుత్’. పని ముగిసినదని స్పష్టపరుచుటకు ‘ల్యాబి’ అను మాటను తరచుగా చేర్చుదురు. ‘నన్ను’ అనుటలో వింత యొకటి కలదు. ఫిన్నిష్‌లో పూర్ణకర్మకు ‘మినుత్’ అని ప్రత్యేకరూప మున్నది. ఎస్టోనియన్‌లో పాక్షికరూపమైన ‘మింద్’ రెంటికిని చాలును.

వ్యతిరేకవాక్యమున మాత్రము రెండు భాషలును పాక్షిక విభక్తినే వాడును. చదువనే చదువని పుస్తకము పూర్తి యగుట యెట్లు?