మొక్క బతికుంటేనే తేలే సంగతులు

పచ్చడి చేసుకునే మామిడి అల్లం నిజానికి అల్లం కాదు, పసుపుకు దగ్గరి చుట్టం. దానికి కుర్కుమా అమాడా అని 1810లో శాస్త్రీయ నామం పెట్టినది విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి, సామర్లకోటలో తోట వేసి, మన తీరప్రాంతపు మొక్కలను తెలుగు పేర్లతో సహా రాసిపెట్టుకున్నాడు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వెళ్లాక పసుపు, అల్లం కుటుంబపు మొక్కలను తోటలో పెంచి, అవి పూసినప్పుడు చూసి వర్ణించాడు. మన దేశపు చిత్రకారులతో బొమ్మలు వేయించాడు.

అడవిలోనే మొక్క పీకి, కాగితాల మధ్య అదిమి, ఎండబెట్టి పంపిస్తే సరిపోయేది కదా అనిపించవచ్చు. వృక్షశాస్త్రానికి నేటికీ పునాది అలాంటి ఎండు నమూనాలే. వాటిని భద్రపరిచే చోటే హెర్బేరియం. టేకు ఆకునో మద్ది కాయనో వందేళ్ల తర్వాత తీసి చూసినా పోల్చుకోవచ్చు. పసుపు పువ్వుతో అది కుదరదు. రేకులు పలచన, నీరు ఎక్కువ, ఒక్కో పువ్వు ఆయుష్షు మహా అయితే ఒకటి రెండు రోజులు. ఎండితే రంగు, ఆకారం, వాసన మూడూ పోతాయి. జాతులను విడదీసే గుర్తులు చాలావరకు ఆ పువ్వులోనే ఉంటాయి, అదీ చిక్కు.

ఆఫ్రికాలో ఆఫ్రమోమమ్ అనే అల్లం కుటుంబపు మొక్కలున్నాయి. వాటి నమూనాలు సుమారు 4,500 తిరగేసిన పరిశోధకులు 2015లో ఒక లెక్క చెప్పారు. నిపుణులు సవరించకముందు కనీసం 58 శాతం చీటీల మీద తప్పు పేరో, చెల్లని పాత పేరో, అరకొర పేరో ఉందట. దీనికి ఎండిన పువ్వు ఒక్కటే కారణం కాదు, సరిచూసే నిపుణులు తక్కువ కావడమూ ఉంది. అయినా ఎడింబరో రాయల్ బొటానిక్ గార్డెన్ వారు చలిదేశంలో అద్దాల ఇళ్లు కట్టి, వేడి చేసి మరీ ఈ కుటుంబాన్ని ఎందుకు పెంచుతున్నారో దీన్నిబట్టి అర్థమవుతుంది. పువ్వు చూడటం ఒక్కటే కాదు. క్రోమోజోములు లెక్కపెట్టాలంటే అప్పుడే పెరుగుతున్న వేరు కొస కావాలి, అది ఎండు మొక్కలో దొరకదు. పసుపులో ఉన్న 63 క్రోమోజోములు రెండు సెట్లు కాదు, మూడు సెట్లు; అవి జతలుగా సరిగా కుదరవు. అందుకే పసుపుకు మామూలుగా విత్తనం కట్టదు, రైతు కొమ్ములే నాటాలి.

ఎండు నమూనా చేతిలో ఉన్నా జాతి తేలని కథ లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లో జరిగింది. విక్టోరియా అనే పెద్ద కలువలో రెండే జాతులున్నాయని అందరూ అనుకునేవారు. మూడోదాని నమూనా క్యూ హెర్బేరియంలోనే 177 ఏళ్లు పడి ఉంది, ఎవరూ వేరు జాతిగా పట్టుకోలేదు. వాళ్లను తప్పుపట్టలేం. మనిషి పడుకునేంత వెడల్పున్న ముళ్ల ఆకును, రాత్రిపూట విచ్చి రెండో రాత్రికి రంగు మారే పువ్వును కాగితంలో అదమడమే కష్టం, అందుకే నమూనాలూ తక్కువే. ఒక ఫొటో చూసి అక్కడి ఉద్యానవేత్త కార్లోస్ మాగ్డలేనాకు అనుమానం వచ్చింది. 2016లో బొలీవియాలోని రెండు తోటలు విత్తనాలిచ్చాయి. వాటిని తెలిసిన రెండు జాతుల పక్కనే, ఒకే నీటిలో ఒకే వెచ్చదనంలో పెంచారు. ఇది ముఖ్యం. అడవిలో కనిపించే తేడా నేల వల్లనో నీటి వల్లనో వచ్చి ఉండొచ్చు. పక్కపక్కన పెంచినా పోని తేడా మొక్కదే. ముళ్లలో, గింజల ఆకారంలో ఆ తేడా నిలిచింది, డీఎన్ఏ కూడా అదే చెప్పింది. 2022లో విక్టోరియా బొలీవియానా అని పేరు పెట్టారు.

అలాగని తోటలో ఉన్నదంతా సాక్ష్యం కాదు. ఒకే చోట పెరిగే జాతులు కలిసిపోతాయి. అమెరికాలోని లాంగ్‌వుడ్ గార్డెన్స్‌లో పాత రెండు విక్టోరియాలను కావాలనే కలిపి సంకరం తీశారు, అలాంటిది తేనెటీగలూ పురుగులూ చెప్పకుండా చేసేస్తే? పైగా తోటలో చోటు తక్కువ. ఒక జాతికి ఒకటి రెండు మొక్కలే ఉంటే, అడవిలో దానికున్న వైవిధ్యం వాటిలో కనిపించదు. అందుకే పరిశోధన తోటల్లో ప్రతి మొక్కకూ యాక్సెషన్ నంబరు ఉంటుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారో ఆ నంబరు కింద రాసి ఉంటుంది. ఆ వివరం లేని మొక్క చూడటానికి బాగుంటుందేమో గానీ, జాతుల పంచాయితీలో పెద్దగా పనికిరాదు.

మీ ఊరి మామిడి అల్లం దుంపను ఏ కాలేజీ తోటకైనా ఇవ్వాలనుకుంటే, దానితోపాటు ఒక చీటీ కూడా ఇవ్వండి: ఊరు, తేదీ, పొలంలో తవ్వారా, అడవిలో తవ్వారా అన్నది రాసి.