పారబోసే కొబ్బరి నీళ్ళతో తోలు!

ఎండుకొబ్బరికి కాయ కొట్టేచోట ముదురు నీళ్ళు మురుగులో కలిసిపోవడం కోనసీమ వాసులు ఎరిగినదే. కేరళలో 'మలై' అనే సంస్థ ఆ నీళ్ళతోనే తోలు వంటి సరుకు తయారుచేస్తున్నది.

నీటిని బాగా కాచి, చల్లార్చి, పాలకు తోడు పెట్టినట్లు సూక్ష్మజీవులను కలుపుతారు. సుమారు రెండు వారాలకు పైన మీగడలా మందపాటి పొర కడుతుంది. దానిని అరటి నార వంటి వాటితో కలిపి, రేకులుగా చేసి ఆరబెట్టి మెత్తబరుస్తారు. సంచులు, పర్సులు కుట్టవచ్చు. పశువు తోలు అక్కరలేదు. రెక్సిన్‌లో ఉండేది ప్లాస్టిక్. ఇందులో అది లేదని తయారీదార్లు చెబుతున్నారు.

కొబ్బరీ, అరటీ రెండూ కోనసీమ పంటలే. చిక్కల్లా నీళ్ళతోనే. కాయ కొట్టిన కొద్ది గంటలకే పులిసిపోతాయి. కొట్ల దగ్గరే శుభ్రంగా పట్టి, వెంటనే కాచే ఏర్పాటు ఉంటే తప్ప ఈ పని సాగదు.