పిట్టను ఆపండి - గాలిని ఆపకండి

(మా గ్రామీణ విలేఖరి)

అమలాపురం: ఇంట్లో పిచ్చుక గూడు పెడితే మంచి జరుగుతుందని పెద్దలు చెప్పే మాట. కాని వంటగది వెంటిలేటరులోంచి గడ్డిపరకలు, రెట్టలు అన్నం గిన్నెలో రాలుతుంటే ఆ మాట ఎంతకాలం నిలుస్తుంది? గూడు పీకేసి, ఆ కంతలో గోనెగుడ్డ కుక్కి పీడ విరగడైందనుకునే ఇళ్ళు ప్రతి వూళ్ళోనూ వున్నాయి. పిట్ట బాధ పోయిన మాట నిజమే. దానితోపాటు గాలీ పోతుంది. అసలు ప్రమాదం అక్కడే వుంది.

పూర్వం గూన పెంకుల కింద, చూరు వాసాల సందుల్లో పిచ్చుకలకు కావలసినంత చోటుండేది. స్లాబు ఇళ్ళు వచ్చాక వాటికి మిగిలింది వెంటిలేటర్లు, ఎగ్జాస్ట్ ఫ్యాను కంతలు, మీటరు పెట్టెల వెనుక సందులే. వాటితో పాటు గోరింకలు, పావురాలూ చేరుతున్నాయి.

గాలి ఆడకపోతే...

కట్టెల పొయ్యి వున్న వంటగదిలో పై కంత మూస్తే పొగంతా లోపలే తిరుగుతుంది. పొయ్యి దగ్గర కూర్చునే ఆడవారికి, వారి చంకనున్న పసిబిడ్డలకు ఆ పొగే దగ్గుకు, ఆయాసానికి దారి తీస్తుంది. స్నానాల గదిలో గ్యాస్ గీజరు వున్నవారు మరింత జాగ్రత్త పడాలి. మూసిన గదిలో గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషి తెలియకుండానే స్పృహ తప్పి ప్రాణం పోగొట్టుకోవచ్చు. గుడ్డ అడ్డుపడినా, పిట్టగూడు అడ్డుపడినా ఫలితం ఒక్కటే. అసలు గ్యాస్ గీజరును గది బయట పెట్టించుకోవడమే క్షేమం.

వల బిగించే తీరు

కంత మూయనక్కరలేదు, ఇనుప వల బిగిస్తే చాలు. కన్ను రెండంగుళాలుంటే పావురం ఆగుతుంది గాని పిచ్చుక దూరుతుంది. ముప్పాతిక అంగుళం కన్నైతే పిచ్చుకా ఆగుతుంది. అరంగుళం తీసుకుంటే అనుమానం వుండదు. దోమల జాలీ వంటగదికి పనికిరాదు. మసి, నూనె జిడ్డు పట్టి కొద్ది రోజుల్లోనే మూసుకుపోతుంది.

చాలామంది వలను గోడ లోపలి వైపు కొట్టిస్తారు. అప్పుడు తొమ్మిదంగుళాల గోడ మందం పిట్టకు అరుగులా మిగిలి, గూడు అక్కడే వెలుస్తుంది. వల బయటి వైపున, గోడకు సమంగా వుండాలి. సముద్రపు గాలికి మామూలు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కనుక జింకు పూత వల గాని, స్టీలు వల గాని మేలు. రీపరు చట్రానికి వల కొట్టి మరమేకులతో బిగిస్తే, రెండు మూడు నెలలకోసారి విప్పి కడుక్కోవచ్చు. ఎలుకల జిగురు పూయడం, నైలాను దారాలు అడ్డంగా కట్టడం తగదు. పిట్ట కాళ్ళు చిక్కుకుని నరకయాతన పడి చస్తుంది.

ముందు గూట్లోకి చూడాలి

వల కొట్టేముందు నిచ్చెన వేసి గూట్లో గుడ్లు, పిల్లలు వున్నాయేమో చూడాలి. వుంటే ఆగాలి. పిచ్చుక గుడ్డు పెట్టింది మొదలు పిల్ల ఎగిరేదాకా సుమారు నాలుగు వారాలు. గోరింకకు ఐదారు వారాలు, పావురానికి నెలన్నర పైమాటే. పిల్లలుండగా వల కొడితే తల్లి బయట, పిల్లలు లోపల. అవి చచ్చి, కుళ్ళి, వాసన మనకే కొడుతుంది.

పిల్లలు ఎగిరిపోయాక గూడు వెంటనే తీసేయాలి. లేకుంటే అందులోని సన్నని పురుగులు ఇంట్లోకి దిగి మనుషుల్ని కుడతాయి. ఎండిన రెట్టను పొడిగా వూడ్చరాదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, నీళ్ళు చల్లి నానబెట్టి తీయాలి. ముఖ్యంగా పావురాల రెట్ట దుమ్ము వూపిరితిత్తులకు చేటు.

వేరే చోటు చూపాలి

చోటు లేకనే పిచ్చుక మన వెంటిలేటరుకు వచ్చింది. ఆరంగుళాల పొడవు, వెడల్పు, ఎనిమిది అంగుళాల ఎత్తు గల చెక్కపెట్టె చేయించి, ముందు పలకకు అంగుళం పావు కంత పెట్టిస్తే పిచ్చుక దూరుతుంది, గోరింక దూరలేదు. దానిని ఎండ తగలని చోట, పిల్లికి అందని ఎత్తున, ఫ్యానుకు దూరంగా వసారా గోడకు తగిలించాలి. ఇది వడ్రంగికి ఒక పూట పని కూడా కాదు.

2010 నుంచి ఏటా మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం జరుపుతున్నారు. మన గోదావరి పల్లెల్లో ఏ దినమూ లేనినాడే చూరుకు వరి కంకుల కుచ్చులు కట్టి పిచ్చుకలకు తిండి పెట్టారు. ఆ కుచ్చు పక్కనే ఒక చెక్కపెట్టె, వెంటిలేటరుకు ఒక వల. ఈ రెండూ వుంటే ఇంటికి గాలీ వస్తుంది, పిచ్చుకకు నీడా దొరుకుతుంది.